కొలవకుండా కొన్నాను

నా తెలివితక్కువతనానికి ఒక ఇంజను బలైంది. డబ్బు పోయిందన్న బాధ కొన్నాళ్లకు తగ్గింది. కానీ చదువుకున్న చదువును అవసరమైన చోట వాడకపోవడం, అడగాల్సిన మనిషి సొంత బంధువుల్లోనే ఉన్నా అడగకపోవడం తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పాత స్పోర్ట్స్ కారు కొని, ఇంజను విప్పడానికి పానా పట్టుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే నేను చేసిన పని చేయకుండా ఆగుతారని రాస్తున్నాను.

నాది 1987 మోడల్ పోర్షె 944. విజయవాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడి డాలస్ చేరాను. చదివిందొకటి, చేసేదొకటి అన్న వెలితి లోపల ఎప్పుడూ ఉండేది. అది తీరుతుందనే ఈ కారు కొన్నాను. 1982 నుంచి 1991 దాకా తయారైన మోడల్ ఇది. పేరు పోర్షెదే అయినా కార్లు తయారయ్యేది జర్మనీలోని నెకర్‌సుల్మ్‌లో, ఆడి ఫ్యాక్టరీలో. లక్షా 60 వేలకు పైగా బయటికొచ్చాయి కాబట్టి నాలాంటి జీతగాడికి కూడా అందుబాటు ధరలో దొరికింది. ఇంజను ముందు, గేర్‌బాక్సు వెనక ఉండటంతో బరువు రెండు వైపులా దాదాపు సమానంగా పడుతుంది. మలుపు తిరిగేటప్పుడు ఆ హాయి స్టీరింగులో తెలుస్తుంది.

ఇంజను రెండున్నర లీటర్లది. సిలిండర్లు నాలుగే, ఒక్కో బోరు 100 మిల్లీమీటర్లు. ఇంత పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజను వణక్కుండా ఉండాలని, క్రాంకుకు రెట్టింపు వేగంతో తిరిగే రెండు బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టారు. ఆ పద్ధతి మీద పేటెంట్లు మిత్సుబిషివి కావడంతో పోర్షె వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకుని వాడింది. ఇక 944 నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇంకొకటుంది. రెండో సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగు మిగతావాటికంటే ముందు పోతుంది. పొడవాటి మలుపుల్లో సంపులోని నూనె ఒక పక్కకు చేరి, అందులో గాలి కలిసినప్పుడు మొదటి దెబ్బ దానికే తగులుతుంది. నా ఇంజను పోవడానికి మాత్రం ఆ బలహీనతను సాకుగా చెప్పను.

ఒకసారి నూనె మార్చాక పాత ఫిల్టరు డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూశాను. మడతల మధ్య రాగి రంగు పొడి తళుక్కుమంది. సంపు దించి రెండో రాడ్ క్యాపు విప్పితే, బేరింగు మీద బూడిద రంగులో ఉండాల్సిన పూత చాలాచోట్ల లేచిపోయి కింది రాగి బయటపడింది. క్రాంకు మీద బేరింగు పట్టుకునే గుండ్రటి భాగాన్ని జర్నల్ అంటారు. దాని మీద గోటితో గీస్తే సన్నటి గీతలు తగిలాయి. ఇంజను దించి మొత్తం విప్పాలనుకున్నాను. అంతవరకు నేను చేసింది సబబే.

బేరింగు అనగానే గుండ్లు తిరిగే బాల్ బేరింగు గుర్తొస్తుంది. ఈ ఇంజను క్రాంకుకు ఉండేది అది కాదు. సగానికి కోసిన గాజులా వంగిన రెండు రేకులు, ఒకటి పైన, ఒకటి కింద. వెనక ఉక్కు, దాని మీద రాగి-సీసం మిశ్రమం, దాని మీద నికెల్ పలుచటి పొర, అన్నిటికంటే పైన సీసం, తగరం, కాస్త రాగి కలిసిన మెత్తటి పూత. ఆ పూత మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. ఇది ట్రైమెటల్ బేరింగు. ఉక్కు మీద అల్యూమినియం, తగరం, సిలికాన్ కలిసిన ఒక్క పొరే ఉంటే అది బైమెటల్. కార్లలో సీసం తగ్గించాలని యూరోపియన్ యూనియన్ 2000లో నిబంధన తెచ్చాక, కొత్త ఇంజన్లలో సీసం లేని రకాలు పెరిగాయి.

పై పూత ఎందుకు మెత్తగా ఉండాలో తెలిస్తే నా తప్పు ఎక్కడుందో అర్థమవుతుంది. నూనెలో కొట్టుకొచ్చిన సన్నటి రేణువు జర్నల్‌ను గీరకుండా ఆ మెత్తటి పూతలో కూరుకుపోవాలి. షాఫ్టు వెంట్రుకవాసి వంకరగా ఉంటే పూత దానికి తగ్గట్టు సర్దుకోవాలి. నూనె ఒక క్షణం అందకపోతే ముందు తాను అరిగి, క్రాంకును కాపాడాలి. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ తగరం కలిసిన మెత్తటి లోహంతో బేరింగు చేసినప్పటి నుంచీ ఈ సూత్రం మారలేదు. షాఫ్టు గట్టిగా ఉండాలి, బేరింగు మెత్తగా ఉండాలి.

మరి అంత మెత్తటి పూత అంత బరువు ఎలా మోస్తుంది? మోసేది నూనె. 1880లలో బీచాంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు బేరింగుల రాపిడి మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోయడానికి బేరింగు నడినెత్తిన ఒక రంధ్రం వేశాడు. షాఫ్టు తిరగడం మొదలయ్యాక నూనె లోపలికి పోవడం మాని రంధ్రంలోంచి పైకి పొంగుకొచ్చింది. బిరడా కొడితే అదీ బయటికి తన్నుకొచ్చింది. ప్రెషర్ గేజ్ పెడితే ముల్లు 200 పీఎస్ఐ దాటింది. తిరిగే షాఫ్టు నూనెను తనకూ బేరింగుకూ మధ్యలోకి లాక్కుంటోందని, బరువంతా ఆ ఒత్తిడి మీద తేలుతోందని అలా తెలిసింది. దానికి 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ సమీకరణం ఇచ్చాడు. ఆ సమీకరణాన్ని కాలేజీలో నేను అంచెలంచెలుగా రాసి మార్కులు తెచ్చుకున్నాను. అందులో ముఖ్యమైన అంకె షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఉండే సందు. సందు తెలియకుండా ఆ లెక్క మొదటి మెట్టు కూడా ఎక్కదు. ఇది నాకు తెలుసు. తెలిసీ గాలికొదిలేశాను.

నా ఇంజనులో రాడ్ జర్నల్ వ్యాసం 52 మిల్లీమీటర్లు. ఒక అంగుళం వ్యాసానికి అంగుళంలో వెయ్యో వంతు సందు ఉండాలన్నది ఇంజన్లు కట్టేవాళ్లు వాడే మోటు లెక్క. ఆ ప్రకారం నాకు కావాల్సింది 0.05 మిల్లీమీటర్లు. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర జర్నల్ ఉపరితలం బేరింగు మీద గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో జారుతుంది. 100 మిల్లీమీటర్ల పిస్టను మీద మంట పీడనం 60 బార్‌కు చేరితే రాడ్ మీద పడేది నాలుగున్నర టన్నులకు పైమాటే. సెకనుకు 50 సార్లు పడే ఆ దెబ్బను కాయాల్సింది ఆ సందులోని నూనె.

ఇన్ని తెలిసినవాణ్ణి ముందు మైక్రోమీటరు తీయాలి. నేను కేటలాగులు తీశాను. జర్మనీ గ్లైకో, అమెరికా క్లెవైట్, ఇజ్రాయెల్ కింగ్, ఆస్ట్రేలియా ఏసీఎల్, ఇలా పేర్లన్నీ కంఠతా వచ్చేదాకా చదివాను. ఏ కంపెనీ గొప్పది అన్న ఒక్క ప్రశ్నే నా బుర్రలో తిరిగింది. నా క్రాంకు ఏ సైజులో ఉంది, జర్నల్ గుండ్రంగా ఉందా, అండాకారానికి తిరిగిందా అని ఒక్కసారి కూడా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. చివరికి డబ్బా మీద 'రేస్' అని రాసి ఉన్న సెట్టు తెప్పించాను. మామూలు సెట్టుకు రెట్టింపు ధర. ధర చూసి నాణ్యత మీద నమ్మకం ఇంకా పెరిగింది.

ఆ బేరింగు మంచిదే, అది వేరే పనికి చేసింది. రేస్ బేరింగు పూత గట్టిగా, పలుచగా ఉంటుంది. ఎక్కువ బరువు పడ్డా పగుళ్లు రాకుండా తట్టుకుంటుంది. బదులుగా రేణువులను కడుపులో దాచుకునే గుణం, వంకరకు సర్దుకునే గుణం తగ్గుతాయి. జర్నళ్లన్నీ మైక్రోమీటరుతో కొలిచి, నూనె దారులన్నీ కడిగి, కొన్ని రేసులకోసారి విప్పి చూసుకునే ఇంజనుకు అది తగినది. అరిగిన క్రాంకు పెట్టి, ఏళ్ల తరబడి రోడ్డు మీద తిప్పుకునే కారుకు కావాల్సింది ఆ రెండు మెత్తటి గుణాలే. నేను డబ్బిచ్చి వాటినే వదులుకున్నాను.

కొలిచానని నన్ను నేను నమ్మించుకున్న తీరు కూడా చెప్పాలి. నా దగ్గరున్నది డిజిటల్ క్యాలిపర్. తెర మీద మిల్లీమీటరులో వందో వంతు దాకా అంకెలు చూపిస్తుంది. కానీ ఆ అంకె అటూ ఇటూ రెండు మూడు వందో వంతులు తప్పొచ్చు. నాకు కావాల్సిన సందు ఐదు వందో వంతులు. అంటే పరికరం తప్పే కొలవాల్సిన దాంట్లో సగం. ఆ తర్వాత ప్లాస్టిగేజ్ వాడాను. మైనంలాంటి సన్నటి దారాన్ని జర్నల్ మీద పెట్టి, క్యాపు బిగించి విప్పితే అది ఎంత వెడల్పుకు నలిగిందో చూసి సందు చెప్పొచ్చు. మొదటి సిలిండర్ మీద ఒక్కచోట పెట్టి చూశాను. సరిగ్గానే వచ్చింది. మిగతా మూడూ అలాగే ఉంటాయనుకున్నాను. పోయింది రెండోదని తెలిసి, కొలత తీసింది మొదటిదానికి.

కడగడంలోనూ ఇదే తొందర. బ్లాకు మెరిసేలా కడిగాను. క్రాంకు నూనె దారుల్లోకి స్ప్రే కొట్టి వదిలేశాను, బ్రష్షు దూర్చి రుద్దలేదు. బ్లాకు పక్కన నూనెను చల్లబరిచే కూలర్ ఉంటుంది. అందులో ఒకవైపు నూనె, ఒకవైపు నీళ్లు ఇరుకు దారుల్లో పోతాయి. దాన్ని వంచి, నూనె కారనిచ్చి, పైపైన తుడిచి మళ్లీ బిగించాను. పాత బేరింగు పొడి ఆ ఇరుకుల్లోనే ఉండిపోయింది.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టేది. మా మామయ్యకు విజయవాడ ఆటోనగర్‌లో క్రాంకు గ్రైండింగ్ షాపు ఉండేది. లారీలకు బాడీ కట్టడం నుంచి ఇంజను బోరు పని దాకా అన్నీ దొరికే ఆ వీధుల్లో ఆయన వయసంతా లేతు ముందే గడిచింది. కాలేజీ రోజుల్లో సెలవులకు నేను ఆ షాపులోనే కూర్చునేవాణ్ణి. ఇంజను విప్పిన రోజుల్లో ఫోన్‌లో మాట్లాడుతూ ఆ మాట చెప్పాను. ఆయన అడిగింది ఒకటే.

"క్రాంకు కొలిపించావా అల్లుడూ?"

"ఇది లారీ ఇంజను కాదు మామయ్యా, పోర్షె" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగి, "సరేరా, జాగ్రత్తగా చేసుకో" అని మాట మార్చాడు. ఆ క్షణంలో ఆయన మనసు ఎంత నొచ్చుకుని ఉంటుందో నాకు అప్పుడు తట్టలేదు. జీవితమంతా క్రాంకులు కొలిచిన మనిషికి కారు పేరు చెప్పి నోరు మూయించాను.

ఇంజను బిగించాను, స్టార్టయింది. ఆయిల్ గేజ్ ముల్లు నిలబడింది. కొన్ని వారాంతాలు ఊరి బయట రోడ్ల మీద హాయిగా తిరిగాను. తర్వాత ఎండలు మండిపోతున్న రోజు ట్రాకు మీదికి తీసుకెళ్లాను. పొడవాటి మలుపు దాటి కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసరికి కింద నుంచి బరువైన శబ్దం, ఇనుప సుత్తితో దిమ్మెను కొడుతున్నట్టు. వెంటనే ఆపేశాను. అప్పటికే ఆలస్యమైంది. విప్పి చూస్తే రెండో రాడ్ బేరింగు తన చోటులో గుండ్రంగా తిరిగిపోయి, కాలి నల్లబడి ఉంది. క్రాంకు, రాడ్ రెండూ పనికిరాకుండా పోయాయి.

ఈసారి మామయ్యకు వీడియో కాల్ చేశాను. సిగ్గుతో సంగతి చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. "పోయినదాన్ని పక్కన పెట్టు. మిగతా మూడింటి రేకులు వరసగా పెట్టి చూపించు" అన్నాడు. పూర్తిగా కాలిన బేరింగులో కారణం చెరిగిపోతుందని, సగం పాడైన దాంట్లోనే కారణం కనిపిస్తుందని అప్పుడు చెప్పాడు. రాడ్ బేరింగులో మంట దెబ్బ పడేది పై రేకు మీద కాబట్టి ముందు పై రేకులు చూశాడు. కెమెరా దగ్గరికి పెట్టమన్నాడు. పూత మీద సూదిమొనంత చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ మెరిసే వలయం.

"చూశావా, రేణువు గుచ్చుకుని చుట్టూ లోహాన్ని పైకి లేపింది. ఆ లేచిన అంచును జర్నల్ రాకింది. ఇది నీ పాత బేరింగు పొడే. కూలర్ విప్పి కడిగావా?"

లేదన్నాను. తర్వాత ఒక రేకులో ఒక అంచు మాత్రమే అరిగి ఉండటం చూపించాడు. జర్నల్ ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉంటే అలా అరుగుతుంది. వెనక్కి తిప్పమన్నాడు. రేకు వీపు మీద ఒకచోట నిగనిగలాడే మచ్చ. బిగించేటప్పుడు రేకుకూ రాడ్‌కూ మధ్య చిన్న నలుసు ఇరుక్కుంది. అక్కడ రేకు ఉబ్బి సందు తగ్గింది. నేను చేసిన ప్రతి తొందరపనికీ ఆ రేకుల మీద ఆనవాలు ఉంది.

"బేరింగుది తప్పేం లేదురా. కొలవలేదు, కడగలేదు" అని ఊరుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మామయ్య షాపులో గోడకు ఒక నల్ల పలక ఉండేది. క్రాంకు రాగానే ఒక్కో జర్నల్‌ను రెండు కొసల్లోనూ, ఒక్కో కొసలో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మైక్రోమీటరుతో కొలిచి పలక మీద సుద్దతో రాసేవాడు. స్టాండర్డ్ సైజా, గ్రైండ్ చేసి తగ్గించిన టెన్నా, ట్వంటీయా అన్నది పలక మీద తేలాకే బేరింగుల షాపుకి కుర్రాణ్ణి పంపేవాడు. సైజు తేలకుండా బేరింగు పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. నా కళ్లతో చూసిన ఆ పద్ధతిని, డిగ్రీ చేతికొచ్చాక, చిన్న షాపు అలవాటుగా తీసిపారేశాను.

రెండోసారి ఆయన చెప్పిన వరసలోనే చేశాను. సైజులో ఉన్న సెకండ్ హ్యాండ్ క్రాంకు తెప్పించి, మెషిన్ షాపులో అన్ని జర్నళ్లూ కొలిపించాను. రాడ్ల పెద్ద రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయో లేదో పరీక్ష చేయించాను. క్యాపు నట్లు పూర్తి బిగువుకు, అంటే ఈ ఇంజనుకు చెప్పిన 75 న్యూటన్ మీటర్లకు బిగించాకే లోపలి కొలత తీయాలి. వదులుగా ఉన్నప్పుడు తీసిన కొలతకు అర్థం లేదు. కూలర్ కొత్తది వేశాను. నూనె దారులు బ్రష్షుతో రుద్ది, తెల్లగుడ్డ మీద మరక పడనంతవరకు కడిగాను. బేరింగులు మాత్రం మామూలు ట్రైమెటల్‌వి, మొదటి సెట్టులో సగం ధరకు వచ్చాయి. డబ్బా మీద రాసింది నమ్మకుండా, రేకు వెనక కొట్టిన సైజు ముద్ర ఒక్కోదాన్నీ చదివాను. ఒక్కో రేకు మందం కొలిచాను. పేర్చేటప్పుడు రేకు వీపు, అది కూర్చునే చోటు రెండూ పొడిగా తుడిచాను. నూనె లోపలి ముఖానికే. రేకును కదలకుండా పట్టేది చివరనున్న చిన్న నాలుక కాదు, క్యాపు బిగించినప్పుడు రెండు రేకుల అంచులూ ఒకదాన్నొకటి నొక్కుకునే బిగువు. వీపున నూనె ఉంటే ఆ పట్టు తగ్గుతుంది.

స్టార్ట్ చేసే ముందు డీఎంఈ రిలే పీకేశాను. ఈ కారులో అది తీస్తే పెట్రోలూ రాదు, నిప్పూ రాదు. సెల్ఫ్ మాత్రం ఇంజనును తిప్పుతుంది. అలా ఆగి ఆగి తిప్పుతూ, 5 బార్ దాకా గీతలున్న గేజ్‌లో ముల్లు లేచేదాకా చూశాను. నూనె ప్రతి బేరింగుకూ చేరిందని నమ్మకం కుదిరాక రిలే పెట్టి తాళం తిప్పాను. కొన్ని మైళ్ల తర్వాత ఫిల్టరు కోసి మడతలు విప్పాను. శుభ్రంగా ఉన్నాయి. మామయ్యకు ఫొటో పంపి, నాటి మాటకు క్షమించమని అడిగాను. "ముందు ఆ కొలతలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకో" అన్నాడు. రాసి పెట్టాను.

నాణ్యమైన బేరింగు ఏదని నన్నెవరైనా అడిగితే ఇప్పుడు నా జవాబు ఇది. పేరున్న కంపెనీలు చేసే బేరింగులన్నీ మంచివే. వాటిలో మీ ఇంజనుకు మంచిది ఏదో చెప్పేది మీ క్రాంకు కొలత, మీరు కారు వాడే తీరు. కాబట్టి పాత బేరింగులు పారేయకండి, ఏ సిలిండర్‌వో రాసిపెట్టి, రెండు వైపులా తిప్పి చూడండి. డిజిటల్ క్యాలిపర్‌తో సరిపెట్టుకోకండి. మైక్రోమీటరు లేకపోతే ఉన్న షాపుకి తీసుకెళ్లండి, ఆ ఖర్చు ఒక బేరింగు సెట్టు కంటే ఎక్కువ కాదు. కూలరూ, నూనె దారులూ కడగనిదే కొత్త బేరింగు ముట్టుకోకండి. రోడ్డు మీద తిరిగే కారుకు 'రేస్' అన్న మాట చూసి డబ్బు పెట్టకండి. మీ ఇంట్లో, మీ బంధువుల్లో చేత్తో ఈ పని చేసినవాళ్లు ఉంటే కేటలాగు తెరిచే ముందు వాళ్లకు ఫోన్ చేయండి. వాళ్లు చూసినవి లారీ ఇంజన్లే కావచ్చు. లారీ క్రాంకుకైనా, పోర్షె క్రాంకుకైనా మైక్రోమీటరు ఒకటే.